తెలుగు బుల్లితెరపై వైజ్ఞానిక కల్పన: గడప దొరకని కథ – ‘కుడి ఎడమైతే’ ధారావాహిక ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

2021 జూలై 16న ఆహా వేదికపై ‘కుడి ఎడమైతే’ అనే ధారావాహిక ఎనిమిది భాగాలుగా విడుదలైంది. కన్నడంలో ‘లూసియా’, ‘యూ టర్న్’ చిత్రాలతో గుర్తింపు పొందిన పవన్ కుమార్ దీనికి దర్శకుడు. అమలా పాల్, రాహుల్ విజయ్ ప్రధాన పాత్రధారులు. ఒకే రోజు మళ్ళీ మళ్ళీ తిరిగివస్తుంటే, ఆ సంగతి గుర్తున్న ఇద్దరు వ్యక్తులు ఏం చేస్తారన్నది ఇందులోని ఇతివృత్తం. కథ నడక, నటన విషయంలో మెచ్చుకోళ్ళు వచ్చినా, తెలుగు ఇళ్ళలో రోజువారీ ధారావాహికకు ఉన్న చోటు దీనికి దక్కలేదు. దీని వెనుక అటువంటి రచనల వరుస ఒకటి తెలుగులో ఏర్పడనూ లేదు.

ఈ స్థితికి సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది. తెలుగు ప్రేక్షకుడికి విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి లేదని, పురాణానికీ కుటుంబ కథకూ అలవాటుపడినవాడు కాలయానాన్నో కాలవలయాన్నో ఒప్పుకోడని అంటారు. ఈ అభియోగం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రూపం, మాట, నేల అనే మూడు అంశాలలో తెలుగు వైజ్ఞానిక కల్పన తన ప్రేక్షకుడికి తెలిసిన గడపను ఏర్పరచుకోలేదని, వాటిలో నేల విషయంలోని లోటు అన్నిటికన్నా పెద్దదని ఇక్కడి ప్రతిపాదన. కృష్ణా డెల్టా అంచున ఉన్న ఇబ్రహీంపట్నాన్ని ఈ ప్రతిపాదనకు ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

ప్రేక్షకుడిపై అభియోగం

తెలుగు పాఠకుడికి వైజ్ఞానిక కల్పన కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలోనే టేకుమళ్ళ రాజగోపాలరావు ‘విహంగయానం’ వచ్చింది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ‘గ్రహశకలం’ రాశారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ నవలలు వేలాది పాఠకులను చేరాయి. కృష్ణా జిల్లాలో పుట్టి, విజయవాడలో చాలాకాలం గడిపిన విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో గుర్రపు ముఖం గల గంధర్వుడు లండను నగరంలో వచ్చి పడతాడు. అక్కడి పండితులూ శాస్త్రజ్ఞులూ అతన్ని పరీక్షించబోయి తామే పరీక్షకు గురవుతారు. మరో లోకపు జీవితో మనిషి తొలి సమాగమం అనే వస్తువును, పాశ్చాత్య శాస్త్రదృష్టిపై వ్యంగ్యంగా మలిచిన రచన అది. విశ్వనాథ దాన్ని వైజ్ఞానిక కల్పనగా భావించి రాయలేదు. అయినా ఆ ప్రక్రియ అడిగే ప్రశ్నే అందులో ఉంది.

వెండితెరను చూసినా ఇదే కనిపిస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ ప్రియదర్శిని పేటిక తెరిచి దూరాన ఉన్న ప్రియుణ్ణి చూస్తే ప్రేక్షకుడు ఆశ్చర్యంతోపాటు ఆనందాన్నీ పొందాడు. బుల్లితెర ఇంటింటికీ రావడానికి దశాబ్దాల ముందే ఒక పెట్టెలో దూరదృశ్యాన్ని ఊహించి, దాని నియమాన్ని ఒక్క మాటలో అర్థం చేసుకున్నాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ కాలయంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ భవిష్యత్తుకూ నడిపితే, దాన్నీ ఆదరించాడు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగే ఘట్టాన్ని ఇస్రో యూట్యూబు ప్రసారంలో ఒకే సమయంలో 80 లక్షలమందికి పైగా చూశారు. ఆ నౌక బయలుదేరినది శ్రీహరికోట నుంచే.

రోజువారీ ధారావాహిక విషయంలో సైతం ప్రేక్షకుడి శాస్త్రబుద్ధిని తక్కువగా అంచనా వేయడానికి వీల్లేదు. 2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో 1,500కు పైగా భాగాలు నడిచిన ‘కార్తీక దీపం’లో హృద్రోగ వైద్యుడైన కార్తీక్ భార్య దీపను అనుమానిస్తాడు. ఆ అనుమానమే ఏళ్ళ తరబడి కథకు ఇంధనం. ఒక్క డి.ఎన్.ఏ. పరీక్షతో తేలిపోయే సంగతికి ఇన్ని భాగాలెందుకన్న చమత్కారం ఆ కాలంలో తెలుగునాట అందరి నోటా వినిపించింది. శాస్త్రం ఉండవలసిన చోట లేదని ఎత్తిచూపినవాడు ఇక్కడ ప్రేక్షకుడే. కనుక లోపాన్ని అతని అభిరుచిలో వెతకడం తేలిక మార్గం మాత్రమే.

రూపం: వాయిదా పడే అద్భుతం

తెలుగు బుల్లితెర ప్రేక్షకుణ్ణి పెంచింది రోజువారీ ధారావాహిక. 1995లో జెమిని, ఈటీవీ వాహినులు ఆరంభమైన తరువాత ఆ రూపం క్రమంగా స్థిరపడింది. దాని నిర్మాణం చూసే పరిస్థితులను బట్టి ఏర్పడింది. వంట చేస్తూనో, పిల్లల చేత అన్నం తినిపిస్తూనో, బట్టలు మడతపెడుతూనో చూసే ప్రేక్షకురాలు కొంత వింటుంది, కొంత చూస్తుంది. రెండు రోజులు తప్పిపోయినా మూడో రోజు కథ అందుతుంది. ఒకే సంభాషణ ముగ్గురి ముఖాలపై మూడుసార్లు తిరగడం, నిన్నటి ఘట్టం నేడు మళ్ళీ రావడం ఈ అవసరంలోనుంచి పుట్టినవే. వాటిని కేవలం సాగతీతగా కొట్టిపారేస్తే వాటి ప్రయోజనం అర్థం కాదు.

వైజ్ఞానిక కల్పన ఇందుకు పూర్తిగా భిన్నమైన శ్రద్ధను కోరుతుంది. అది మొదట ఒక నియమాన్ని పెడుతుంది. ఆ నియమం తెలియకపోతే ఆపై ఏ సంఘటనా అర్థం కాదు. తొలి భాగం తప్పినవాడికి నాలుగో భాగం అయోమయమే. ‘కుడి ఎడమైతే’లో ఒకే సంఘటన రెండోసారి వచ్చినప్పుడు ఏది మారిందో గమనించడమే కథాస్వాదన. చేతిలో పని ఉన్న ప్రేక్షకురాలికి ఆ చిన్న మార్పు కనబడదు. కనబడనప్పుడు, కథ చెప్పినదే చెబుతోందన్న అభిప్రాయం కలుగుతుంది. పునరుక్తిని మరచిపోయినవారి కోసం వాడుకునే రూపానికి అలవాటుపడిన కంటికి, పునరుక్తిని గుర్తుంచుకున్నవారి కోసం వాడుకునే రూపం ఎదురైంది.

అలంకారశాస్త్ర పరిభాషలో దీన్ని మరింత స్పష్టంగా చెప్పవచ్చు. అద్భుతరసానికి స్థాయీభావం విస్మయం. రూపకంలో నిర్వహణసంధి వద్ద అద్భుతం ఉండాలని భరతుని మతం. అంటే తెలిసిన లోకం, తెలిసిన మనుషులు, వారి చిక్కులు ముందు స్థిరపడి, ఆ తరువాత ఊహించని ముడివిప్పుతో విస్మయం కలగాలి. వైజ్ఞానిక కల్పన ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. అద్భుతాన్ని ముఖసంధిలోనే పెట్టి, దాని పర్యవసానాలను మిగతా కథగా నడుపుతుంది. రోజువారీ ధారావాహిక నిర్వహణాన్నే వాయిదా వేస్తూ పోతుంది. ఒకదానిలో అద్భుతం ముందే వచ్చేస్తుంది, మరొకదానిలో అది ఎప్పటికీ రాదు. ఈ రెండింటి మధ్య ప్రేక్షకుణ్ణి నడిపించే మెట్లు తెలుగు నిర్మాతలు కట్టలేదు.

మెట్లు కట్టడం సాధ్యమేనని ఇతర దేశాల అనుభవం చెబుతుంది. బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ తొలి భాగం 1963 నవంబరు 23న, అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన మర్నాడు, ప్రసారమైంది. ఆ విషాదవార్తల నడుమ దానికి తగిన శ్రద్ధ దక్కలేదు. మరుసటి శనివారం బీబీసీ రెండో భాగానికి ముందు తొలి భాగాన్ని తిరిగి ప్రసారం చేసింది. అమెరికాలో 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ తగినంత ప్రేక్షకాదరణ లేక మూడేళ్ళకే, 79 భాగాలతో, 1969లో ఆగిపోయింది. ఆ తరువాత స్థానిక కేంద్రాల పునఃప్రసారాల్లోనే దానికి అభిమానలోకం ఏర్పడింది. ఈ రెండు చోట్లా కథకు రెండో అవకాశం ఇచ్చినది పునఃప్రసారమే. చందా కట్టి చూసే అంతర్జాల వేదికపై ఒక్కసారిగా విడుదలై, వారం తిరిగేసరికి కొత్త విడుదలల కిందికి జారిపోయే ధారావాహికకు ఆ రెండో అవకాశం లేదు. ఊరికే ఛానళ్ళు తిప్పుతూ మధ్యలో తగిలి, ఏమిటిదని ఆగి చూసే ప్రేక్షకుడు దానికి ఎన్నడూ తారసపడడు.

‘కుడి ఎడమైతే’: కాలమే కూలి

పై పరిమితులున్నా, ఈ ధారావాహిక సాధించినది చిన్నది కాదు. పేరులోనే రచయితలు ఒక తెలివైన పని చేశారు. 1953 నాటి ‘దేవదాసు’ పాట ద్వారా తెలుగువారి నాలుకపై నిలిచిన పలుకుబడిని శీర్షికగా తీసుకున్నారు. తారుమారైనా తప్పులేదనే ఆ పలుకుబడి, జరిగిన రోజును తిరగరాయాలనే కథావస్తువుకు అమరింది. విజ్ఞాన పరిభాషలో పేరు పెట్టి ఉంటే ఈ ఆత్మీయత వచ్చేది కాదు.

పాత్రల ఎంపిక అంతకన్నా ముఖ్యమైనది. దుర్గ పోలీసు అధికారిణి. ఆది భోజనం పొట్లాలు ఇళ్ళకు చేరవేసే యువకుడు, నటుడు కావాలని కలలు కంటున్నవాడు. ఒక ప్రమాదం ఇద్దరినీ కలుపుతుంది. అప్పటి నుంచి ఆ రోజు వారికి మళ్ళీ మొదలవుతుంటుంది. తప్పిపోయిన పిల్లల కేసు, ఒక హత్య దీనికి అల్లుకుని ఉంటాయి. కాలవలయంలో పడడానికి వీరిద్దరే ఎందుకు తగినవారన్నది ఆలోచించదగినది. పోలీసు దర్యాప్తుకు కాలం ఆధారం. ఎవరు ఏ వేళకు ఎక్కడున్నారన్నదే ఆమె వృత్తి. పొట్లం చేరవేసేవాడికి కాలం కూలి. ఎన్ని నిమిషాల్లో చేరాడన్నదే అతని సంపాదన. నిమిషాలను అమ్ముకుని బతికే మనిషికి ఒక రోజంతా ఉచితంగా తిరిగి దొరికితే ఏమవుతుందన్నది ఈ కథలో దాగిన అసలు ప్రశ్న. ఇది మన నగరాల్లో గత పదేళ్ళలో పుట్టిన ప్రశ్న. మరొక భాష నుంచి తెచ్చుకున్నది కాదు.

అయితే ధారావాహిక ఈ ప్రశ్న దగ్గర నిలవలేదు. నేరపరిశోధన ఉత్కంఠ దాన్ని తనవైపు లాక్కుంది. ఎవరు చేశారన్న ఆరా ముందుకు వచ్చిన కొద్దీ, ఆ రోజు ఎందుకు తిరిగివస్తోందన్న విస్మయం వెనక్కు పోయింది. ఆది పని, అతని కాళ్ళ కింది రోడ్లు, అతను తలుపు తట్టే ఇళ్ళు కథకు ఆధారం కాగలిగి ఉండి కూడా నేపథ్యంగా మిగిలాయి. ప్రేక్షకుడికి పరిచితమైన గడప కథలోనే ఉంది. కథ దాన్ని దాటి లోపలికి తీసుకుపోవడానికి బదులు పక్కనుంచి వెళ్ళింది.

మాట: గానుగెద్దు ఎక్కడ?

తెలుగు తెరపై వైజ్ఞానిక కల్పన ఎదుర్కొనే రెండో చిక్కు భాష. పాత్రలు తమకు జరుగుతున్నదానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ‘టైమ్ లూప్’, ‘టైమ్ ట్రావెల్’ అని ఇంగ్లీషు మాటలనే ఆశ్రయిస్తాయి. వాడుకలో ఉన్న మాటను వాడడంలో తప్పు లేదు. నేటి తెలుగు యువకుడు అలాగే మాట్లాడతాడు. ఆ మాట పలికిన తరువాత వివరణ ఆగిపోవడం మాత్రం లోపమే. పేరు చెప్పగానే అర్థమైనట్టు కథ ముందుకు సాగితే, ఆ ఇంగ్లీషు సినిమాలు చూసి ఉన్నవారే ప్రేక్షకులుగా మిగులుతారు.

పారిభాషిక పదాన్ని సంస్కృతంలో తయారుచేసి పాత్ర చేత పలికించడం దీనికి మందు కాదు. ‘కాలవలయం’ వ్యాసానికి పనికివస్తుంది, సంభాషణకు బిగుసుకుపోతుంది. పత్రికాభాష ‘ఉపగ్రహం’, ‘వ్యోమగామి’ వంటి మాటలను జనం నోటికి అలవాటు చేయగలిగింది. ఎందుకంటే ఆ మాట వచ్చిన ప్రతిసారీ దాని వెనుక ఒక నిజమైన సంఘటన ఉంది. కల్పనకు ఆ ఆసరా ఉండదు. అది ఉపమానాన్ని ఆశ్రయించాలి. అదే దారిలో ఎంత నడిచినా ఉన్నచోటనే ఉండే గానుగెద్దు తెలుగు పల్లె ఎరిగిన ఉపమానం. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు తాను ముందుకు పోతున్నాననే అనుకుంటుంది. గంతలు జారిన ఒక్క ఎద్దుకు మాత్రమే తాను తిరుగుతున్నట్టు తెలుస్తుంది. ‘కుడి ఎడమైతే’లోని దుర్గ, ఆదిల స్థితి సరిగ్గా ఇదే. ఈ పోలిక ఒక్క వాక్యంలో, ఏ వయసువారికైనా, కథ నియమాన్ని చెప్పగలదు. ఇంగ్లీషు మాట దొరకడం వల్ల ఈ వెతుకులాట జరగలేదు.

సొంత ఉపమానం వెతకని భాషలో భవిష్యత్తు గురించిన ఆలోచన అరువు ఆలోచనగానే ఉంటుంది. ఈ ప్రక్రియకు ప్రేక్షకులు రాకపోవడం కేవలం వ్యాపార నష్టం కాకపోవడానికి కారణం ఇదే. రేపటిని ఊహించే పనిని తెలుగు చేయగలదా, లేక నిన్నటిని తలచుకోవడానికే పరిమితమవుతుందా అన్నది ఇందులో ఇమిడి ఉన్న ప్రశ్న.

మూడు గడపలు

ఆదరణ పొందిన తెలుగు వైజ్ఞానిక కల్పనలను గమనిస్తే అవి ప్రేక్షకుణ్ణి లోపలికి పిలిచిన గడపలు రెండు కనబడతాయి. మొదటిది పురాణం, చరిత్ర. ‘ఆదిత్య 369’కు రాయలవారి కొలువు గడప. 2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’కి అశ్వత్థామ గడప. ఎన్నో శతాబ్దాల తరువాతి కాశీ తెలియకపోయినా, చావులేని శాపగ్రస్తుడు ప్రేక్షకుడికి తెలుసు. రెండోది కుటుంబం. శ్రీకార్తీక్ దర్శకత్వంలో 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’లో కథానాయకుడు తల్లిని కాపాడుకోవడానికి గతంలోకి వెళతాడు. కాలయానం గురించి ఏమీ తెలియనివారికి కూడా పోయిన తల్లిని మళ్ళీ చూడాలన్న కోరిక తెలుసు.

ఈ రెండు గడపలూ లేని రచనకు ఏమవుతుందో ‘అంతరిక్షం 9000 కెఎంపీహెచ్’ తెలుపుతుంది. సంకల్ప్ రెడ్డి అంతకుముందు తీసిన ‘ఘాజీ’ 2017లో ప్రశంసలతోపాటు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారాన్నీ పొందింది. జలాంతర్గామి లోపలి సాంకేతికత ఎంత కొత్తదైనా, దాని పైన విశాఖపట్నం తీరం ఉంది. ఏ ఊరికి ముప్పో ప్రేక్షకుడికి తెలుసు. అదే దర్శకుడు 2018 డిసెంబరు 21న విడుదల చేసిన ‘అంతరిక్షం’లో ముప్పు ఉపగ్రహానికి, సమాచార వ్యవస్థకు. కింద ఫలానా ఊరు లేదు. అదే రోజు ‘పడి పడి లేచె మనసు’, ‘కె.జి.ఎఫ్.’ చిత్రాలు కూడా విడుదల కావడం ఆ చిత్రానికి మరింత భారమైన మాట నిజమే. అయినా ‘ఘాజీ’తో పోల్చినప్పుడు తీరం లేకపోవడమే పెద్ద తేడాగా కనిపిస్తుంది.

ఈ పోలిక మూడో గడపను సూచిస్తుంది. అది నేల. ఒక ఊరు, అక్కడి పని, అక్కడి నీళ్ళు, గాలి. బుల్లితెరకు మొదటి రెండింటికన్నా ఇదే తగినది. పురాణ ప్రపంచాన్ని నిర్మించడానికి వందల కోట్లు కావాలి. కుటుంబ గడపను రోజువారీ ధారావాహిక ఇప్పటికే తొక్కి అరగదీసింది. నేల మాత్రం ఖర్చు లేకుండా దొరుకుతుంది, ఇంతవరకు ఎవరూ వాడుకోలేదు.

జర్మన్ ధారావాహిక ‘డార్క్’ దీనికి బలమైన సాక్ష్యం. 2017 నుంచి 2020 వరకు 26 భాగాలుగా వచ్చిన ఈ రచన విండెన్ అనే కల్పిత చిన్న పట్టణంలో జరుగుతుంది. పట్టణానికి ఆనుకుని అణువిద్యుత్ కేంద్రం, కింద గుహలు, నాలుగు కుటుంబాలు, 33 ఏళ్ళకొకసారి తిరిగే కాలచక్రం. కథ ఎంత చిక్కుపడినా ప్రేక్షకుడు ఆ ఊరి దారుల్లో తప్పిపోడు. జర్మన్ భాషలోనే మాట్లాడిన ఆ ఊరు ప్రపంచమంతటా ప్రేక్షకులను సంపాదించింది. ఒక నేలకు గట్టిగా కట్టుబడి ఉండడం ఇతర నేలలవారిని దూరం చేయలేదు.

నేల: ఇబ్రహీంపట్నం

విండెన్‌ను కల్పించుకోవలసి వచ్చింది. కృష్ణా తీరంలో అటువంటి ఊరు నిజంగానే ఉంది. విజయవాడకు ఎగువన, హైదరాబాదు జాతీయ రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నం పక్కనే డాక్టర్ నార్ల తాతారావు తాపవిద్యుత్ కేంద్రం నిలిచి ఉంది. 1979లో తొలి యూనిట్ మొదలైన ఈ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 2023లో చేరిన 800 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. పొగగొట్టాల నీడలో షిఫ్టులు మారుతుంటాయి. బొగ్గు కాలి బూడిదై చెరువుల్లో చేరుతుంది. ఆ పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కుతుంటారు, కొండమీద కోట ఉంది. డెల్టాలో బుల్లితెరను వెలిగించే విద్యుత్తులో కొంత పుట్టే ఊరు ఒక్కనాడూ ఆ తెరపై కథాస్థలం కాలేదు.

ఇంతకన్నా విశేషమైనది ఫెర్రీ వద్ద జరిగిన మార్పు. పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి జలాలు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి 2015 సెప్టెంబరులో ఇక్కడ కృష్ణలో కలిశాయి. ఆ చోటికి పవిత్ర సంగమమని పేరు వచ్చింది. ప్రకృతిలో ఎన్నడూ కలవని రెండు నదులను యంత్రం కలిపింది. ఇందులో కాలానికి సంబంధించిన చిక్కు ఒకటి దాగి ఉంది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరాలు. గోదావరి పుష్కరం 2015 జూలైలోనూ, కృష్ణా పుష్కరం 2016 ఆగస్టులోనూ జరిగాయి. ఫెర్రీ రేవులో మునిగినవాడిని తాకే నీరు ఏ నదిది? ఏ పన్నెండేళ్ళ లెక్క దానికి వర్తిస్తుంది? రెండు కాలచక్రాలు ఒకే నీటిలో కలిసినప్పుడు, పోయినవారికి వదిలే పిండం ఏ కాలానికి చేరుతుంది?

ఈ ప్రశ్నల్లో శాస్త్రం ఉంది, ఇంజనీరింగు ఉంది, నమ్మకం ఉంది, ఇంట్లో పోయినవారి తలపు ఉంది. జర్మన్ రచయితలు 33 ఏళ్ళ చక్రాన్ని ప్రేక్షకుడికి పరిచయం చేసి, వివరించి, అలవాటు చేయవలసి వచ్చింది. పుష్కరమంటే పన్నెండేళ్ళని తెలుగు ప్రేక్షకుడికి వివరించనవసరం లేదు. పోయిన పుష్కరానికి తాత ఉన్నాడని, వచ్చే పుష్కరానికి తామెక్కడుంటామోనని అనుకోవడం డెల్టాలోని ప్రతి ఇంటిలో ఉన్న మాటే. కాలం తిరిగివస్తుందన్న నియమం అతని పంచాంగంలోనే ఉంది. రూపం విషయంలో చెప్పుకున్న చిక్కు, మాట విషయంలో చెప్పుకున్న చిక్కు కూడా ఇక్కడ చాలావరకు విడిపోతాయి. ప్రేక్షకుడికి ముందే తెలిసిన నియమం మీద నిలిచిన కథలో రెండు భాగాలు తప్పినా దారి దొరుకుతుంది. నియమానికి పేరు అతని వాడుకలోనే ఉంటుంది.

రెండు అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. పుష్కరం వంటి నమ్మకాన్ని ఆధారం చేసుకుంటే అది వైజ్ఞానిక కల్పన ఎలా అవుతుందన్నది మొదటిది. నమ్మకాన్ని నిజమని చూపడం వేరు, నమ్మకం గల మనుషులను శాస్త్రం ఎదుట నిలపడం వేరు. నదుల అనుసంధానం శాస్త్రం చేసిన పని. దాని పర్యవసానాన్ని ప్రశ్నించడం వైజ్ఞానిక కల్పన ధర్మం. విశ్వనాథ గంధర్వుణ్ణి శాస్త్రజ్ఞుల మధ్య నిలిపి ఇద్దరినీ ప్రశ్నించినట్టే, నేటి రచయిత రేవులోని యాత్రికుణ్ణీ పంపుహౌసులోని ఇంజనీరునూ ఎదురెదురుగా నిలపగలడు. ఏ ఒక్కరి పక్షాన తీర్పు చెప్పినా కథ ప్రచారమవుతుందన్న జాగ్రత్త మాత్రం అవసరం.

రెండోది పెట్టుబడికి సంబంధించినది. ‘డార్క్’ వెనుక నెట్‌ఫ్లిక్స్ ధనబలం ఉందని, తెలుగు వేదికలకు అది లేదని అనవచ్చు. ఈ అభ్యంతరం కొంతవరకు నిజం. అయితే ‘కుడి ఎడమైతే’ కూడా గ్రహాంతర దృశ్యాలపైనా, యంత్రాల పైనా ఆధారపడిన రచన కాదు. ఒక రోజు, ఒక నగరం, ఇద్దరు మనుషులతో అది కథను నిలబెట్టగలిగింది. ఈ ప్రక్రియకు భారీ వ్యయం తప్పనిసరి కాదని తెలుగులోనే నిరూపించినది ఆ ధారావాహికే. ఆ నిరూపణను ముందుకు తీసుకుపోయే రెండో రచన రాకపోవడానికి ధనలేమి ఒక్కటే కారణం కాజాలదు.

ముగింపు

తెలుగు బుల్లితెరపై వైజ్ఞానిక కల్పనకు ప్రేక్షకులు కరవవడానికి ప్రేక్షకుడి విముఖత కారణమన్న వాదానికి సాహిత్యంలోగాని, సినిమాలోగాని, రోజువారీ ధారావాహికను అతను చూసే తీరులోగాని ఆధారం దొరకదు. అతని వీక్షణ అలవాటుకూ ఈ రూపం కోరే శ్రద్ధకూ మధ్య మెట్లు లేకపోవడం, కథానియమాన్ని తెలుగు ఉపమానంలో చెప్పే ప్రయత్నం జరగకపోవడం, కథకు ఫలానా ఊరు లేకపోవడం కారణాలుగా తేలుతున్నాయి. ‘కుడి ఎడమైతే’ శీర్షికలో మొదటి అడుగు వేసింది, ఆది పాత్రలో గడప దాకా వచ్చింది, నేరకథ వైపు తిరిగిపోయింది. ఆ అసంపూర్ణత దాని విలువను తగ్గించదు. తరువాతి రచయిత ఎక్కడ మొదలుపెట్టాలో అది చూపుతుంది.

కృష్ణకు తరువాతి పుష్కరం 2028లో రానుంది. ఫెర్రీ రేవులో మళ్ళీ జనం దిగుతారు. గట్టు మీది పొగగొట్టాలు, నీటిలోని రెండు నదులు, పన్నెండేళ్ళ కిందటి తమను తలచుకునే మనుషులు, అన్నీ అక్కడే ఉంటాయి. వాటిని చూసి కథ రాసేవాడి కోసం తెలుగు ప్రేక్షకుడు చాలాకాలంగా సిద్ధంగానే ఉన్నాడు.